ఏది ఆ క్షణం?

గడియారం ఎంత ఖచ్చితమైనదైనా, ఒక ఘటన ఎప్పుడు జరిగిందో చెప్పాలంటే ముందు ఆ ఘటన అంటే ఏమిటో తేల్చుకోవాలి. పుట్టుక, పెళ్లి, ఒప్పందం, మరణం మాటల్లో ఒక్క క్షణంలా వినిపిస్తాయి గాని, జరిగేటప్పుడు కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో సాగుతాయి. ఆ సాగుదలలో ఎక్కడో ఒకచోట గీత గీసి, ఇదిగో ఇక్కడ జరిగింది అని చెప్పక తప్పని వ్యవస్థలు రెండున్నాయి. ఒకటి చట్టం, రెండోది జ్యోతిషం. ఆస్తి ఎవరికి చెందుతుందో, శిక్ష పడుతుందో లేదో, ఉద్యోగానికి అర్హత ఉందో లేదో చట్టం ఆ గీతను బట్టే తేలుస్తుంది. లగ్నం ఏ రాశిలో పడుతుందో, ఏ దశ ఎప్పుడు మొదలవుతుందో జాతకంలో ఆ గీతను బట్టే ఉంటుంది. రెండింటి చిక్కూ ఒకటే. విప్పుకునే తీరులోనే తేడా.

పుట్టిన వేళ

ప్రసవమప్పుడు మొదట శిశువు తల బయటపడుతుంది, తర్వాత భుజాలు, ఆపైన ఒళ్లంతా. కొన్ని సెకన్లకో, ఇంకాస్త ఆలస్యంగానో తొలి ఏడుపు వినిపిస్తుంది. ఆ తర్వాత బొడ్డుతాడు కోస్తారు. వీటిలో పుట్టిన సమయం ఏది? శిరోదయమే జన్మకాలమనే జ్యోతిష్కులున్నారు. భూస్పర్శ, అంటే శిశువు పూర్తిగా బయటికి వచ్చి నేలను తాకిన వేళ అనేవారున్నారు. తొలి శ్వాస అనేవారు, తొలి ఏడుపు అనేవారు, బొడ్డుతాడు తెగి తల్లి నుంచి వేరుపడిన క్షణం అనేవారు కూడా ఉన్నారు. అసలు జీవి మొదలైంది కడుపులో పడిన నాడే కదా అన్న వాదమూ పాతదే. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో గర్భాధాన కాలం గురించి నిషేకాధ్యాయమని ఒక అధ్యాయమే ఉంది. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ తన టెట్రాబిబ్లోస్‌లో ఇదే చర్చ చేశాడు. సహజమైన ఆరంభం గర్భధారణే అని ఒప్పుకుని, అది తెలియని చోట పుట్టుక వేళను పట్టుకోవాలన్నాడు. ఆ వేళను గుర్తించడానికి జనం వాడే నీడ గడియారాలు, నీటి గడియారాలు తప్పుతాయని కూడా ఆయన అప్పుడే హెచ్చరించాడు.

నీటి గడియారం పోయి డిజిటల్ గడియారం వచ్చింది. చిక్కు మాత్రం తీరలేదు, నిజానికి ముదిరింది. భూమి ఒకసారి తన చుట్టూ తాను తిరిగేలోపు పన్నెండు రాశులూ తూర్పున ఉదయిస్తాయి కాబట్టి ఒక్కో లగ్నం సగటున రెండు గంటలుంటుంది, ఒక్కో డిగ్రీ నాలుగు నిమిషాలు. రాశిచక్రం వరకే చూసేవారికి ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా, లగ్న సంధిలో పడితే తప్ప ఇబ్బంది లేదు. కాని జ్యోతిషం అక్కడ ఆగదు. రాశిని తొమ్మిది భాగాలు చేసే నవాంశ సుమారు 13 నిమిషాలకు మారిపోతుంది. రాశిని 60 భాగాలు చేసే షష్ట్యంశ రెండు నిమిషాలకు మారుతుంది. రాశిని 150 భాగాలు చేసే నాడీ అంశ అయితే 48 సెకన్లే. పుట్టిన బిడ్డకు కనీసం ఒక నిమిషం గడిచేదాకా బొడ్డుతాడు బిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే తొలి ఏడుపును జన్మకాలంగా తీసుకున్న జాతకానికీ, బొడ్డు కోసిన వేళను తీసుకున్న జాతకానికీ నాడీ అంశ కలవడం కష్టం. కవలల జాతకాలు ఎందుకు వేరవుతాయో చెప్పడానికి పనికొచ్చే ఈ సూక్ష్మ విభాగాలే, ఒక్క బిడ్డకు రెండు మూడు జాతకాలు తెచ్చిపెడుతున్నాయి.

ముహూర్తం చూసుకుని సిజేరియన్ చేయించుకునే కుటుంబాలు తెలుగు నేల మీద తక్కువేమీ కాదు. సిద్ధాంతి రాసిచ్చిన నిమిషం ఆపరేషన్ మొదలుపెట్టే నిమిషమా, బిడ్డను బయటికి తీసే నిమిషమా, ఏడ్చే నిమిషమా అన్నది ఆ కాగితం మీద చాలాసార్లు ఉండదు. తల్లీబిడ్డల ఆరోగ్యం డాక్టరు చేతిలో ఉన్న వేళ, ఎవరూ నిర్వచించని ఒక నిమిషం కోసం ఒత్తిడి తేవడం సరికాదు.

ఈ అనిశ్చితిని జ్యోతిష్కులు ఎరగకపోలేదు. జన్మకాల సంస్కరణ అనే పద్ధతి అందుకే పుట్టింది. పెళ్లి, ఉద్యోగం, తండ్రి మరణం వంటి జరిగిపోయిన సంగతులను తీసుకుని, అవి చక్రంలో కుదిరేదాకా పుట్టిన సమయాన్ని కొద్దికొద్దిగా ముందుకో వెనక్కో జరుపుతారు. ఇందులో పెద్ద లోపం ఉంది. జాతకం జీవితానికి సరిపోతుందా అని పరీక్షించవలసిన చోట, జీవితానికి సరిపోయేలా జాతకాన్నే సర్దుతున్నారు. అలా సర్దిన వేళతో పాత సంగతులన్నీ కలిశాయంటే దానివల్ల రుజువయ్యేదేమీ లేదు.

చట్టానికీ పుట్టుక ఒక్కటి కాదు. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం సజీవ జననమంటే శిశువు తల్లి నుంచి పూర్తిగా బయటపడి, శ్వాస తీసుకోవడమో మరో జీవలక్షణమో చూపడం. అదే నేరాల విషయానికి వస్తే గీత వెనక్కి జరుగుతుంది. భారతీయ శిక్షాస్మృతి 299వ సెక్షన్ వివరణలో ఉండి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్‌లోకి వచ్చిన నియమం చూస్తే, శిశువు శరీరంలో ఏ భాగమైనా బయటికి వచ్చాక దాని ప్రాణం తీస్తే అది నరహత్య కావచ్చు. శిశువు ఊపిరి తీసుకుని ఉండనక్కరలేదు, పూర్తిగా పుట్టి ఉండనక్కరలేదు. వారసత్వానికి వస్తే గీత ఇంకా వెనక్కి పోతుంది. తండ్రి చనిపోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ తర్వాత ప్రాణంతో పుడితే, తండ్రి మరణానికి ముందే పుట్టినట్టు భావించి వాటా ఇవ్వాలని హిందూ వారసత్వ చట్టం, 1956లోని 20వ సెక్షన్ చెబుతుంది. ఇది గందరగోళంలా కనిపిస్తుంది గాని కాదు. ఒక్కో గీత ఒక్కో అవసరానికి గీసింది. రికార్డు సరిగా ఉండాలన్నది ఒక అవసరం, పుట్టబోయే ప్రాణాన్ని కాపాడాలన్నది మరొకటి, తండ్రి ముఖం చూడని బిడ్డకు అన్యాయం జరగకూడదన్నది ఇంకొకటి. మన జనన ధ్రువపత్రంలో తేదీయే ఉంటుంది, గంటా నిమిషమూ ఉండవు. జాతకానికి ప్రాణమైన ఆ నిమిషంతో పౌరుడి హక్కులకు పని లేదు.

రోజు ఎక్కడ మొదలవుతుంది?

క్షణం సంగతి అలా ఉంచితే, రోజుకే రెండు ఆరంభాలున్నాయి. పంచాంగానికి రోజంటే సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా. చట్టానికి అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. మంగళవారం తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డ ఆసుపత్రి రికార్డులో మంగళవారం బిడ్డ, పంచాంగంలో సోమవారం బిడ్డ.

ఈ రెండు లెక్కలూ ఒక దేశం పుట్టుక దగ్గర ఎదురుపడ్డాయి. 1947 ఆగస్టు 15 నుంచి రెండు స్వతంత్ర డొమినియన్లు ఏర్పడతాయని బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం చెప్పింది. ఆ తేదీ మంచిది కాదని జ్యోతిష్కులు అభ్యంతరం చెప్పారనీ, మధ్యేమార్గంగా అర్ధరాత్రి ఘడియ ఖాయమైందనీ ఒక కథనం విస్తృతంగా ప్రచారంలో ఉంది. రాజ్యాంగ సభ 14వ తేదీ రాత్రి 11 గంటలకు సమావేశమైంది. పన్నెండు కొట్టేసరికి చట్టం దృష్టిలో శుక్రవారం, ఆగస్టు 15 వచ్చేసింది. పంచాంగం దృష్టిలో ఇంకా గురువారమే, సూర్యుడు ఉదయించలేదు. ఆ అర్ధరాత్రికి వృషభ లగ్నంతో వేసిన చక్రాన్నే స్వతంత్ర భారత జాతకంగా చాలామంది జ్యోతిష్కులు నేటికీ వాడుతున్నారు. గమనించవలసిందేమంటే, ఆ జాతకానికి ఆధారమైన క్షణం ఆకాశంలోనిది కాదు. ఒక చట్టంలోని తేదీ, ఆ తేదీ అర్ధరాత్రి మొదలవుతుందన్న పరిపాలనా సంప్రదాయం కలిసి తెచ్చినది.

సూర్యోదయమైనా తిరుగులేని గుర్తు అనుకుంటే పొరపాటే. సూర్యబింబం పై అంచు దిగంతం మీద కనిపించిన వేళ ఉదయమని నేటి ఖగోళ శాస్త్ర లెక్క. బింబం మధ్యభాగం దిగంతానికి రావాలని, వాతావరణం వల్ల కాంతి వంగడాన్ని లెక్కలోకి తీసుకోరాదని మన పంచాంగాల్లో కొన్నిటి పద్ధతి. కాంతి వంగడం వల్ల వచ్చే తేడా సుమారు 34 కళలు, బింబంలో సగం మరో 16 కళలు. రెండూ కలిపితే తెలుగు ప్రాంతాల అక్షాంశాల్లో మూడున్నర నిమిషాలవుతుంది. ఆ మూడున్నర నిమిషాల్లో ఒక తిథి ముగిస్తే, ఆ రోజు ఏ తిథి అన్నది సూర్యోదయాన్ని ఎవరు ఎలా నిర్వచించారన్న దాని మీద ఆధారపడుతుంది.

దీనికి ఊరు కూడా తోడవుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాదు స్థానిక కాలం దానికి 16 నిమిషాలు వెనక, విశాఖపట్నం మూడు నిమిషాలు ముందు. అంటే ఒకే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో కూడా ఈ రెండు నగరాల మధ్య 19 నిమిషాల తేడా ఉండేది. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు అని క్యాలెండర్లో అచ్చయ్యేది, సూర్యుడు ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమిస్తాడన్న ఊహ మీద. పగటి పొడవును ఎనిమిది భాగాలు చేయాలన్న అసలు నియమం పాటిస్తే ఆ వేళలు ఊరూరికీ, రోజురోజుకూ మారాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంకో చిక్కుంది. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపి నడిపారు. ఆ మూడేళ్లలో పుట్టిన వారి కాగితాల మీదున్న సమయం నుంచి గంట తీసేయకపోతే లగ్నంలో సగం దూరం తప్పుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి మరో సంగతి అనుభవమే. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే అయినా సూర్యోదయం ఎక్కడిదక్కడే కాబట్టి, అక్కడ కొన్ని పండుగలు ఇక్కడికంటే ఒక రోజు ముందే వస్తాయి.

ఇవన్నీ చిన్న తేడాలు. పెద్ద తేడా అయనాంశలో ఉంది. విషువత్తు ఏటా సుమారు 50 వికలలు వెనక్కి జరుగుతుంది, 72 ఏళ్లకు ఒక డిగ్రీ. విషువత్తుకూ రాశిచక్రం సున్నాకూ మధ్య ఎడమే అయనాంశ. ఆ సున్నా ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. 1952లో కేంద్రం మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘాన్ని వేసింది. 1955లో వచ్చిన నివేదిక ఆధారంగా రాష్ట్రీయ పంచాంగం తయారవుతోంది. దాని లెక్కలకు 82 డిగ్రీల 30 కళల తూర్పు రేఖాంశం, 23 డిగ్రీల 11 కళల ఉత్తర అక్షాంశం కలిసే చోటు కేంద్రం. సంఘం సిఫారసు చేసిన అయనాంశకూ, జ్యోతిష్కుడు బి.వి. రామన్ వాడిన అయనాంశకూ తేడా దాదాపు ఒకటిన్నర డిగ్రీ. ఆ తేడా ఎంతటిదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి రమారమి ఒక రోజు పడుతుంది. భరణి, పుబ్బ, పూర్వాషాఢల్లో పుట్టినవారికి మొదట నడిచేది ఇరవై ఏళ్ల శుక్రదశ. పుట్టిన వేళలో ఒక నిమిషం తేడా వస్తే ఆ దశ ముగిసే రోజు ఐదు రోజులు జరుగుతుంది. అయనాంశ మార్చితే రెండేళ్లకు పైగా జరుగుతుంది. నిమిషం కోసం పట్టుబట్టే జాతకంలో, ఎంచుకున్న పద్ధతి ఒక్కటే వంద నిమిషాలకు మించిన దూరం తెస్తోంది.

దృక్ గణితం వాడే పంచాంగానికీ, పాత సిద్ధాంత గణితం వాడే పంచాంగానికీ తిథులు గంటల తేడాతో ముగుస్తాయి. ఏటా ఏదో ఒక పండుగ ఈ రోజా రేపా అన్న వాదం రావడానికి మూలం ఇదే. ఇరుపక్షాల పండితులూ తమ లెక్క తాము సరిగానే వేస్తారు. తేడా లెక్కలో లేదు, మొదట ఎంచుకున్న ప్రమాణంలో ఉంది.

రోజులో భాగాలు

చట్టం తన పని తేలిక చేసుకోవడానికి ఒక పాత నియమం పెట్టుకుంది. రోజును ముక్కలు చేయదు. జనరల్ క్లాజెస్ చట్టం, 1897 ప్రకారం కేంద్ర చట్టం ఏదైనా తాను అమల్లోకి వచ్చే తేదీకి ముందు రోజు ముగియగానే అమల్లోకి వచ్చినట్టు. ఎన్నికల్లో నామినేషన్ పరిశీలన రోజున అభ్యర్థికి అర్హత ఉండాలన్న నియమం మీద 1968లో సుప్రీంకోర్టు ఇదే పట్టుకుంది. పరిశీలన రోజంటే ఆ రోజు మొదటి క్షణం నుంచే కాబట్టి, అభ్యర్థి ప్రమాణం అంతకుముందు రోజుకే అయిపోయి ఉండాలంది.

కాని రోజును ముక్కలు చేయకపోతే కొన్నిచోట్ల న్యాయమే ముక్కలవుతుంది. ఉదయం బండి ప్రమాదం చేసి, సాయంత్రం బీమా పాలసీ తీసుకుంటే? పాలసీ తేదీ ఆ రోజుదే కాబట్టి అర్ధరాత్రి నుంచి వర్తిస్తుందని 1990లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. పాలసీ మీద సమయం ప్రత్యేకంగా రాసి ఉంటే ఆ సమయం నుంచే వర్తిస్తుందని 1997లో స్పష్టం చేసింది. నేటి పాలసీల మీద తేదీ పక్కన గంటా నిమిషమూ అచ్చవడం ఊరికే కాదు.

ఈ వరుసలో గొప్ప ఉదాహరణ 2020 నాటిది. పుల్వామా దాడి తర్వాత, 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ నుంచి వచ్చే సరుకులన్నిటి మీదా కేంద్రం 200 శాతం కస్టమ్స్ సుంకం వేసింది. ఆ నోటిఫికేషన్ ఈ-గజెట్‌లోకి ఎక్కింది రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు. అటారీ సరిహద్దులో కొందరు దిగుమతిదారులు అదే రోజు, అంతకుముందే తమ బిల్ ఆఫ్ ఎంట్రీలు దాఖలు చేసి ఉన్నారు. నోటిఫికేషన్ తేదీ 16 కాబట్టి ఆ రోజంతటికీ కొత్త సుంకమే అని కేంద్రం వాదించింది. యూనియన్ ఆఫ్ ఇండియా వర్సెస్ జి.ఎస్. చఠా రైస్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాగితం గజెట్ రోజుల్లో ఏ గంటకు ప్రచురితమైందో తెలియదు గనుక తేదీతో సరిపెట్టుకున్నారు. ఇప్పుడు యంత్రమే సెకనుతో సహా ముద్ర వేస్తున్నప్పుడు, ఇంకా పుట్టని సుంకాన్ని అప్పటికే దాఖలైన సరుకు మీద వేయడం కుదరదని తీర్పు. సెకన్లను పట్టించుకోని చట్టం ఇక్కడ సెకన్లను పట్టించుకుంది. అవసరం మారింది, గీత మారింది, ఎందుకు మారిందో న్యాయమూర్తులు కారణం రాశారు.

ఒప్పందాల విషయంలో చట్టం ఇంకో అడుగు వేసి, ఒకే అంగీకారానికి రెండు క్షణాలు ఒప్పుకుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారం ఉత్తరంలో పంపితే, ప్రతిపాదించినవాడు ఆ ఉత్తరం పోస్టులో పడగానే కట్టుబడిపోతాడు. అంగీకరించినవాడు మాత్రం అది అవతలివాడికి తెలిసేదాకా కట్టుబడడు. అందాకా మనసు మార్చుకోవచ్చు.

వయసు నిండే రాత్రి

పుట్టినరోజు నాడు ఏడాది నిండుతుందా, ముందు రోజు రాత్రికే నిండుతుందా? పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కిస్తే, ఏడాది ముగిసేది పుట్టినరోజుకు ముందు రోజు అర్ధరాత్రి. 1986లో రాజస్థాన్ నుంచి సుప్రీంకోర్టుకు వచ్చిన కేసు ఈ ఒక్క రాత్రి మీదే నడిచింది. అభ్యర్థి 1956 జనవరి 2న పుట్టాడు. 1984 జనవరి 1 నాటికి 28 ఏళ్లు నిండి ఉండకూడదన్నది నియామక నిబంధన. జనవరి 1 అర్ధరాత్రి ముగియడంతోనే 28 నిండాయి కాబట్టి, నిండిన రోజు జనవరి 1 అని కోర్టు తేల్చింది. అతను అనర్హుడయ్యాడు. ఇంగ్లండు కూడా శతాబ్దాలుగా ఇదే పాటించి, 1969లో చట్టం చేసి పుట్టినరోజు ఆరంభానికి మార్చుకుంది. మన మెజారిటీ చట్టం, 1875లోనూ మైనారిటీ తీరేది 18వ పుట్టినరోజు ఆరంభంలోనే. అంటే ఓటుకూ ఉద్యోగానికీ ఆస్తికీ ఏ గీత వర్తిస్తుందో ఆయా చట్టం చూస్తే గాని తెలియదు.

ప్రభుత్వోద్యోగుల ఇళ్లల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. ఉద్యోగి పదవీ విరమణ వయసు నిండిన నెల చివరి రోజు దాకా కొలువులో ఉంటాడు, కాని పుట్టినతేదీ ఒకటో తారీఖు అయితే అంతకుముందు నెల చివరి రోజునే దిగిపోవాలి. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు తోచినట్టు జూలై 1 అని రాసిన పుణ్యానికి జూన్ 30న రిటైరైన వారెందరో. వారికి ఇంకో దెబ్బ తగిలేది. ఏడాది పని చేసి సంపాదించిన ఇంక్రిమెంటు చేతికందేది మర్నాడు, ఆ మర్నాటికి వారు ఉద్యోగులు కారు. ఆ ఇంక్రిమెంటు రాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ 2005లో చెప్పింది. మద్రాసు హైకోర్టు 2017లో వస్తుందంది. చివరికి 2023 ఏప్రిల్‌లో కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు, ఇంక్రిమెంటు పని చేసిన ఏడాదికి ఫలం గాని మర్నాటి హాజరుకు కాదని చెప్పి ఆంధ్రప్రదేశ్ ఫుల్ బెంచ్ అభిప్రాయాన్ని కాదంది. ఆలస్యంగానైనా ఇది సరైన తీర్పు. గీత ఎక్కడున్నా, దాని పేరు చెప్పి ఏడాది కష్టాన్ని చెరిపేయకూడదు.

చెక్ బౌన్స్ కేసుల్లోనూ ఒక్క రోజు మీద గెలుపోటములు నడుస్తాయి. గడువు లెక్కలో మొదటి రోజును వదిలేసి చివరి రోజును కలుపుకోవాలన్నది సాధారణ సూత్రం. అక్టోబరు 15న హక్కు పుట్టిన ఫిర్యాదు నవంబరు 15న వేసినా నెల లోపు వేసినట్టేనని 1999లో సుప్రీంకోర్టు ఈ సూత్రంతోనే చెప్పింది.

చట్టం గీసే గీతలూ మనుషులు గీసినవే. అయితే చట్టం ఆ సంగతి దాచదు. గీత ఎక్కడుందో ముందే అచ్చువేసి చెబుతుంది, నచ్చకపోతే పై కోర్టుకు పోవచ్చు, పార్లమెంటు మార్చనూ వచ్చు. జ్యోతిషం తన గీత ప్రకృతిలోనే ఉందంటుంది. ప్రకృతిలో ఉన్నదైతే అందరికీ ఒక్కటిగా కనిపించాలి. శిరోదయానికీ బొడ్డుకోతకూ, ఒక అయనాంశకూ ఇంకోదానికీ మధ్య ఏది సరైనదో తేల్చే పరీక్షను ఆ శాస్త్రం ఏర్పరచుకోలేదు. అందుకే వేల ఏళ్లుగా అన్ని గీతలూ పక్కపక్కనే బతుకుతున్నాయి.

పెళ్లి, మరణం

చట్టమూ పంచాంగమూ ఒకే పందిట్లో కలిసేది పెళ్లిలో. తెలుగు శుభలేఖలో సుముహూర్తం నిమిషంతో సహా ఉంటుంది. ఆ నిమిషానికి అడ్డుతెర వెనక వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటారు. జ్యోతిష్కుడు లగ్నశుద్ధి చూసింది ఆ క్షణానికే. మంగళసూత్రం, తలంబ్రాలు, హోమం, సప్తపది తర్వాత వస్తాయి. హిందూ వివాహ చట్టం, 1955లోని 7వ సెక్షన్ మాత్రం సప్తపది ఆచారంగా ఉన్న చోట ఏడో అడుగు పడినప్పుడే పెళ్లి పూర్తయి ఇద్దరినీ కట్టుబడేలా చేస్తుందంటుంది. శాస్త్రం చూసిన క్షణానికీ చట్టం చూసే క్షణానికీ మధ్య ఒక్కోసారి గంటకు పైగా ఉంటుంది. ముహూర్తం రాత్రి 11 దాటాక ఉంటే ఏడో అడుగు పడేసరికి ఇంగ్లీషు తేదీ మారిపోతుంది, పంచాంగం తేదీ మాత్రం తెల్లవారేదాకా మారదు.

ఇది మాటవరసకు చెప్పే తేడా కాదు. 1965లో మహారాష్ట్ర నుంచి వచ్చిన ద్విభార్యత్వం కేసులో, రెండో పెళ్లిలో హోమం, సప్తపది జరిగినట్టు గాని, అవి అక్కరలేని ఆచారం ఉన్నట్టు గాని రుజువు కాలేదని సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. భార్య ఉండగానే మరో పెళ్లి పీటలెక్కిన మనిషి, ఏడు అడుగులు రుజువు కానందువల్ల బయటపడ్డాడు. గీత స్పష్టంగా ఉండటం మంచిదే గాని, దాని చాటున అన్యాయం దాక్కోగలదని ఈ కేసు చూపుతుంది.

మరణం విషయంలో గీత మన కళ్ల ముందే జరిగింది. గుండె, ఊపిరి ఆగడమే మరణమని తరతరాల నమ్మకం. వెంటిలేటర్ వచ్చాక మెదడు చచ్చిపోయినా గుండె కొట్టుకునేలా చేయడం సాధ్యమైంది. 1994లో అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్ స్టెమ్ మరణాన్ని మరణంగా ఒప్పుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో ఇందుకు తన సొంత చట్టం చేసుకుంది. నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షలు చేసి ధ్రువీకరించాలి. జనన మరణాల నమోదు చట్టంలో మాత్రం మరణమంటే జీవలక్షణాలన్నీ శాశ్వతంగా మాయమవడమే. ఆ ఆరు గంటలూ బయట కూర్చున్న కుటుంబానికి తమ మనిషి ఉన్నాడో లేడో చెప్పగల మాట చట్టంలోనూ లేదు, పంచాంగంలోనూ లేదు. అవయవదానానికి సరేనన్న కుటుంబాల ధైర్యాన్ని తలుచుకోవలసింది ఇక్కడే.

ఒకే ప్రమాదంలో ఇద్దరు పోతే ఎవరు ముందన్నది తేలకపోవచ్చు. తండ్రీ కొడుకులు ఒక కారులో పోతే, కొడుకు క్షణం ఎక్కువ బతికాడా లేదా అన్నదాన్ని బట్టి ఆస్తి ఎవరికి ఎంత పోతుందో మారవచ్చు. హిందూ వారసత్వ చట్టం 21వ సెక్షన్ ఇక్కడ వెతకడం మానేసి ఒక ఊహ చేస్తుంది. వేరుగా రుజువయ్యేదాకా, చిన్నవారు పెద్దవారి కంటే ఎక్కువసేపు బతికినట్టు లెక్క. హనఫీ ముస్లిం ధర్మశాస్త్రం ఇంకో దారి పట్టింది. ఎవరు ముందో తెలియనప్పుడు ఒకరికొకరు వారసులు కారు, ఎవరి ఆస్తి వారి బతికున్న వారసులకే. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా చట్టం క్షణాన్నే వదిలేసింది. వారసుడు అనిపించుకోవాలంటే పోయినవారి తర్వాత 120 గంటలు బతికి ఉండాలంటుంది.